ట్రాక్టరత్త చూసిపెట్టిన కారు

కారు కొనడమంటే రంగు ఎంచుకోవడమే అని నేను గట్టిగా నమ్మిన రోజులు కొన్ని ఉన్నాయి. ఆ రోజుల్లో నాకు ఇరవై అయిదేళ్లు. సేదరపేట్ దారిలో సీసా మూతలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో, మూతలు సరిగ్గా వచ్చాయో లేదో చూసే విభాగంలో ఉద్యోగం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మూతల్ని వెలుగుకు ఎత్తి పట్టుకుని, వంకరగా ఉన్నవాటిని పక్కకు నెట్టెయ్యడం నా పని. అలా రెండేళ్లు చేసేసరికి, లోకంలో ఏ వస్తువు నా ముందు పెట్టినా దాని లోపం నా కంటికి కనపడక తప్పదనే ధైర్యం వచ్చేసింది. (మనుషుల విషయంలోనూ ఆ ధైర్యమే ఉండేది. పెళ్లయ్యాక అది సర్దుకుంది.) పైగా జేబులో కొత్త డ్రైవింగ్ లైసెన్సు. నాకు కారు నేర్పిన మాస్టారు పక్క సీట్లో తన కాళ్ల కింద కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చు పెట్టించుకుని కూర్చునేవాడు. నెలరోజులూ బండి నేనే నడిపానని నేను అనుకున్నాను, తనే నడిపానని ఆయన అనుకున్నాడు. ఆయన అనుకున్నదే నిజమని తర్వాత తేలింది.

ఊరి పేరు కాయితాల మీద పుదుచ్చేరిగా మారి ఎంతో కాలం కాలేదు, నోట్లో మాత్రం అందరికీ ఇంకా పాండిచ్చేరే. నటేశన్ నగర్‌లో మా వీధి మొత్తానికి రెండే కార్లుండేవి. మూడోది మాది కావాలన్న కోరిక నాకు ఎప్పటి నుంచో ఉన్నా, ఇంట్లో ఆ మాట చెల్లింది మాత్రం మా అక్క వల్ల. అక్క కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఏడో నెల. అంతకు ముందు ఏడాది ఒకసారి కడుపు నిలవలేదు గనక ఇంటిల్లిపాదీ ఆమె దగ్గినా తుమ్మినా ఊపిరి బిగబట్టుకునేవాళ్లం. నాయన స్కూటరు మీద ఎక్కించే ప్రసక్తే లేదు. ఆటోలో కుదుపులు పనికిరావని ఆసుపత్రిలో డాక్టరమ్మ ఖండితంగా చెప్పింది. ఇక అమ్మ ఒకరోజు అన్నం వడ్డిస్తూ, ఎవరికీ చెప్పనట్టుగా, పాత కారైనా ఒకటి ఉంటే బాగుండేదంది. ఆ మాట కోసమే కాచుకుని ఉన్నవాణ్ణి, పెరుగన్నం కలుపుకునేలోపే ఆ బాధ్యత నా మీద వేసేసుకున్నాను.

మా ఫ్యాక్టరీలో ఒకతను చెబితే ఒక ఆదివారం సాయంత్రం లాస్‌పేటలో ఒక ఇంటికి కారు చూడడానికి వెళ్లాను. నేరేడుపండు రంగు కారు. ఎంత తుడిచారో, దాని తలుపులో నా మొహం చూసుకుని క్రాపు సరిచేసుకున్నాను. అంతటితో మనసులో సగం కొనేశాను. మిగతా సగం ఆ ఇంటాయన కొనిపించాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, నెమ్మదిగా, చేతులు కట్టుకుని మాట్లాడేవాడు. ఏదో ఆఫీసులో పని. నేను అరవంలో మొదలుపెడితే రెండో మాటకే పోల్చుకుని తెలుగులోకి దిగాడు. వాళ్ల పెద్దలు కూడా ఎన్నో తరాల కిందట ఇటు వచ్చినవాళ్లేనట. మన తెలుగాయనే అని తెలియడంతో నాకు నమ్మకం రెట్టింపయింది. ఆ తర్వాత వాళ్లింట్లో ఇత్తడి డవరాలో నురగలు తేలే కాఫీ ఇచ్చారు. ఆయన్ని ఇవాళ్టికీ మా ఇంట్లో కాఫీసారు అనే అంటాం.

నేను మాత్రం ఊరికే వెళ్లలేదు. బ్రౌజింగ్ సెంటర్లో అరగంట కూర్చుని, పాత కారు కొనేముందు చూడాల్సినవన్నీ ఇంగ్లీషులో రాసి ఉన్న రెండు పేజీలు ప్రింటు తీయించుకుని వెళ్లాను. అందులో నలభై అంశాలు. ఇంజను అంటే బానెట్ ఎత్తి చూశాను, ఉంది. టిక్కు పెట్టాను. స్టీరింగు ఉంది, టిక్కు. గేర్లన్నీ ఉన్నాయి, టిక్కు. మిగతావన్నీ వరండాలో కాఫీ తాగుతూ ఆయన్నే అడిగి పూర్తిచేశాను. ఏది అడిగినా బాగుందనే అన్నాడు. ఆ తర్వాత రెండు వీధులు రెండో గేరులోనే నడిపి, పాటల పెట్టె సౌండు పెంచి తగ్గించి చూసి, లోపల వేలాడుతున్న నిమ్మకాయ సెంటు బుడ్లు మూడింటినీ మెచ్చుకుని, వచ్చే శనివారం పది గంటలకు ఇంట్లోవాళ్లతో వచ్చి ఖాయం చేసుకుంటానని మాటిచ్చి వచ్చేశాను. నలభై టిక్కులున్న కాయితాన్ని ఇంట్లో అందరికీ చూపించాను. నాయన కళ్లజోడు పెట్టుకుని చదివి, బాగానే చూశావురా అన్నాడు. నాయన కరెంటాఫీసులో పనిచేసేవాడు. టిక్కులంటే ఆయనకూ నాకున్నంత గౌరవమే.

ఈ మధ్యలో గురువారం నాడు మా అత్త దిగింది. నాయనకు అక్క. బాహూరు దగ్గర పల్లెలో వరీ చెరుకూ పండించేది. మా మామ పోయేనాటికి ఆమెకు ముప్పై అయిదో ఎంతో. పొలం కౌలుకిచ్చెయ్యమని చుట్టాలంతా చెబితే వినకుండా తనే చేసింది. చేయడమంటే గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చుని చేయించడం కాదు, చీర కుచ్చెళ్లు ఎగదోపి ట్రాక్టరెక్కి దున్నింది. మొదట్లో ఆమె ట్రాక్టరు వస్తుంటే రోడ్డు పక్క టీకొట్లో మగవాళ్లు గ్లాసులు పట్టుకుని బయటికి వచ్చి చూసేవాళ్లట. కొన్నాళ్లకు అదే మగవాళ్లు తమ ట్రాక్టరు మొరాయిస్తే ఆమె ఇంటికి కబురు పెట్టేవాళ్లట. మేమంతా ఆమెను ట్రాక్టరత్త అనేవాళ్లం. అరవం చదవగలదు, రాయగలదు. తెలుగు మాట్లాడ్డమే తప్ప అక్షరం రాదు. నా ఇంగ్లీషు కాయితం చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, ఇంతకీ బండి పొద్దున్నే ఎన్ని తిప్పులకి లేస్తా ఉంది అని అడిగింది. అది కాయితంలో లేదని చెప్పాను.

అత్తను కూడా తీసుకెళ్లు అని అమ్మ అన్నప్పుడు నా గుండె జారింది. ఆమె మీద నాకు ప్రేమ లేక కాదు. ఎగదోపిన చీర, రబ్బరు చెప్పులు, మైలు దూరం వినిపించే గొంతు, ఇవన్నీ కాఫీసారు వరండాలో ఎలా ఉంటాయా అని. నువ్వెందుకత్తా శ్రమపడడం, నీకు కార్ల గురించి తెలియదు కదా అని మర్యాదగానే అన్నాను.

“నాకేం తెల్దబ్బోడా. సుమ్మా చూస్తా,” అంది.

(సుమ్మా అంటే మా వైపు ఊరికే అని. అత్త సుమ్మా అన్న పని ఏదీ ఊరికే జరగలేదని నాకు అప్పటికి తెలియదు.)

శనివారం పది గంటలకు కదా వెళ్లాల్సింది. అయిదున్నరకే నా దుప్పటి లాగేసింది. పది గంటలకు రమ్మన్నారత్తా అంటే, అందుకే ఇప్పుడు పోవాలంది. వాళ్లు వేడిచేసి పెట్టిన బండి ఎవరు తాళం తిప్పినా లేస్తుంది, చల్లగా పడుకున్నప్పుడు లేపితేనే దాని గుణం తెలుస్తుంది అంది. చెప్పకుండా వెళ్లడం మర్యాద కాదని నేను పళ్లు తోముకుంటూ కూడా వాదించాను. ఆమె అప్పటికే స్కూటరు పక్కన నిలబడి ఉంది.

కాఫీసారు బనీనుతో మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. మమ్మల్ని చూసి గొట్టంలో నీళ్లు తన కాళ్ల మీదే పోసుకున్నాడు. అత్త నమస్కారం పెట్టి, పల్లెకు పోవాల్సిన పని ఉండి తొందరగా వచ్చామని ఒక్క మాటలో సర్దేసి, తిన్నగా కారు దగ్గరికి వెళ్లి బానెట్ మీద అరచెయ్యి పెట్టింది. పసిబిడ్డకు జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉంచింది. చల్లగా ఉందని తల ఊపి, తాళం తిప్పమని నాకు సైగ చేసింది. తిప్పాను. బండి దగ్గింది. మళ్లీ తిప్పాను. మళ్లీ దగ్గింది. నాలుగోసారికి ఎవరో బలవంతంగా నిద్రలేపినట్టు గొణుక్కుంటూ లేచింది. ఆదివారం సాయంత్రం ఒక్క తిప్పుకే లేచింది కదా అని నేనన్నాను. పొద్దున మంచు వల్ల అన్నాడు కాఫీసారు. పాండిచ్చేరిలో మంచు ఎక్కడిదని నేను అడగలేదు. తెలుగాయన మరి.

అత్త నా చేతిరుమాలు అడిగి తీసుకుని కారు వెనక్కి వెళ్లి, పొగగొట్టానికి జానెడు దూరంలో పట్టుకుంది. నిమిషం తర్వాత తెచ్చి చూపిస్తే, తెల్లటి రుమాలు మీద నల్లగా, జిడ్డుగా చుక్కలు. ఇంజను నూనె తాగుతోందని నెమ్మదిగా నాకు మాత్రమే వినపడేలా చెప్పి, రుమాలును నాలుగు మడతలు పెట్టి నా చొక్కా జేబులో దోపింది. (అది నా ఆఫీసు చొక్కాల్లో మంచిది. ఆ మరక చివరిదాకా పోలేదు.) ఆ తర్వాత కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. ప్రతి తలుపూ తెరిచి మూసి చప్పుడు విన్నది. టైర్ల లోపలి వైపు, మనకు కనపడని వైపు, అరచెయ్యి పెట్టి తడిమింది. ముందు ఎడమ టైరు ఒక పక్కే అరిగిందని నా చెయ్యి పట్టి అక్కడ పెట్టించింది. కారు మూల మీద రెండు చేతులూ వేసి కిందికి నొక్కి వదిలింది. అది ఒకసారి పైకి లేచి ఊరుకోవాలట. ఊరుకోలేదు. అవునవునంటూ చాలాసేపు తలాడించింది. ప్రతిదానికీ వెనకాలే నడుస్తూ కాఫీసారు ఒక కారణం చెబుతున్నాడు. నేనేమో, ఇప్పుడు తలుచుకుంటే తల దించుకోవాలనిపించే పని ఒకటి చేశాను. ఆయన పక్కకు చేరి, పల్లెటూరి మనిషి సార్, ఏమీ అనుకోకండి అని గుసగుసగా చెప్పాను. అత్తకు వినపడిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. వినపడే ఉంటుంది. ఇంజను చప్పుళ్లన్నీ వినే చెవులవి.

ఇక నడిపి చూడడం. నేను స్టీరింగు దగ్గర, అత్త నా పక్కన, కాఫీసారు వెనక. కూర్చోగానే ఆయన మధ్యలోంచి చెయ్యి చాచి పాట పెట్టాడు. అత్త దాన్ని ఆపేసింది.

“పాట ఇంటికాడ వింటాం సార్. ఇప్పుడు ఇది ఏం చెప్తాదో వినాల,” అంది.

విమానాశ్రయం వైపు పోయే రోడ్డు అప్పట్లో పొద్దున్నే నిర్మానుష్యంగా ఉండేది. నడకకు వచ్చే నలుగురు పెద్దమనుషులు, ఒక మూల బండి మీద కొబ్బరిబొండాలు అమ్మే ముసలాయన తప్ప ఎవరూ లేరు. అత్త చెబుతూ ఉంది, నేను చేస్తూ ఉన్నాను. మిట్ట మీదుగా నెమ్మదిగా ఎక్కించమంది. కిందెక్కడో గిన్నెలు దొర్లిన చప్పుడు. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి గుండ్రంగా పోనివ్వమంది. టకటకమని చక్రంలో పళ్లు కొరికిన చప్పుడు. మూడో గేరులో ఉండగా ఒక్కసారి గట్టిగా ఎక్సిలేటరు తొక్కమంది. ఇంజను గోల పెంచింది గాని బండి వేగం పెంచలేదు. క్లచ్చు జారతా ఉందని చెప్పింది. ప్రతి చప్పుడుకూ వెనక నుంచి కాఫీసారు గట్టిగా దగ్గడమో, లేకపోతే కారు ఎవరి కోసమని అడగడమో చేస్తున్నాడు. నేను అన్నిటికీ జవాబులిస్తున్నాను. ఏడో నెల అక్క కోసమని కూడా చెప్పాను. అప్పుడు మాత్రం ఆయన దగ్గు ఆగింది.

తర్వాత అత్త, రోడ్డు ఖాళీగా ఉంది గనక స్టీరింగును చేతుల మధ్య వదులుగా ఉంచి చూడమంది. మంచి బండి తనంతట తాను తిన్నగా పోతుందట. నేను వేళ్లు వదులు చేసీ చెయ్యగానే మా నేరేడుపండు ఎడమ పక్కకు, కొబ్బరిబొండాల బండి వైపుకు, పుట్టింటికి పోతున్నంత ఇష్టంగా సాగింది. తొక్కరా బ్రేకు అంది అత్త. తొక్కాను. అది లోపలికి మెత్తగా, పిండిలో దిగినట్టు దిగిపోయింది. పక్క సీట్లోంచి మాస్టారి పాదం తన బ్రేకు తొక్కుతుందని ఒక్క క్షణం ఎదురుచూశాను కూడా. అత్త చెయ్యి అప్పటికే హ్యాండ్ బ్రేకు పైకి లాగేసింది. కారు రోడ్డుకు అడ్డంగా మూల తిరిగి, బొండాల బండికి జానెడు దూరంలో ఆగింది. ముసలాయన కత్తి పక్కన పెట్టలేదు, లేచి నిలబడలేదు. మా ముగ్గురినీ అద్దంలోంచి చూసి, మూడా అని అడిగాడు. అత్త కిటికీ దించి, మూడే అని చెప్పింది.

ముగ్గురం కారు దిగాం. కాఫీసారు బొండాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు తప్ప తాగడం లేదు. అత్త మాత్రం తనది గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, మళ్లీ కారు లోపలికి దూరింది. నిమ్మకాయ సెంటు బుడ్లు మూడూ తీసి బయట పెట్టి, తలుపులు మూసుకుని లోపల కూర్చుంది. రెండు నిమిషాల తర్వాత నన్ను పిలిచి ముక్కుతో చూడమంది. చూశాను. తడిసిన గోనెల వాసన, మూసిన గోదాములో వడ్లు ముక్కిపోతే వచ్చే వాసన. కాళ్ల కింది చాప ఎత్తితే కింది గుడ్డ చెమ్మగా ఉంది. సీటు కింద ఇనుప పట్టీలు తుప్పు పట్టి ఎర్రగా ఉన్నాయి. ఆఖరికి ఆమె సీటు బెల్టు పట్టుకుని, బావిలోంచి చేదతాడు లాగినట్టు, చివరిదాకా బయటికి లాగింది. నేను బెల్టును ఎప్పుడూ భుజం దాకానే చూశాను. లోపల చుట్టుకుని ఉండే ఆఖరి మూర మట్టిరంగులో ఉంది. ఆ మట్టికీ పైన శుభ్రంగా ఉన్న భాగానికీ మధ్య ఒక గీత, ఎవరో స్కేలు పెట్టి గీసినంత స్పష్టంగా. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ గీత చెబుతోంది. నా నలభై టిక్కుల్లో బెల్టుకు కూడా ఒక టిక్కుంది.

అత్త గొంతు పెంచలేదు. మైలు దూరం వినపడే ఆ గొంతు అంత మెత్తగా మాట్లాడగలదని నాకు అప్పుడే తెలిసింది.

“సార్, ఈ బండి ఎన్ని దినాలు నీళ్లల్లో ఉండింది?”

కాఫీసారు తాగని బొండాన్ని బండి మీద పెట్టేశాడు. ఆ తర్వాత, మూడు రోజులట అన్నాడు. ఏదో సంవత్సరం వానలకు ఎక్కడో పల్లపు వీధిలో కిటికీల దాకా మునిగిందట. తాను కొన్నప్పుడు తనకూ ఎవరూ చెప్పలేదట. ఆరు నెలల తర్వాత మెకానిక్కు చెబితే తెలిసిందట. ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గేసి, నిమ్మకాయ సెంటు కొన్నాడట. ఇదంతా ఆయన నేల చూపులు చూస్తూ చెప్పాడు. ముందే ఇంజను వేడిచేసి ఉంచడం, పాట పెట్టడం, ఇవన్నీ తనకు అమ్మిన బ్రోకరు చేసినవేనట. ఆయన దగ్గరే నేర్చుకున్నాడట.

నేనైతే అరవడానికి సిద్ధమయ్యాను. భయం తగ్గి కోపం వచ్చే ఘడియ అది. అత్త నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

“మోసపోయినందుకు సిగ్గెందుకు సార్? అది యాడైనా జరుగుతాది. మా పిల్లకి ఏడో నెల. దీన్లో ఎక్కించాలని చూస్తా ఉండాం మేము. అది విని కూడా చెప్పకుండా ఉండారే, దానికి సిగ్గుపడాల,” అంది.

అంతే. ఇంకో మాట అనలేదు. పైగా, మా ఊళ్లోనే మేట్టుపాళయంలో తన ట్రాక్టరు చూసే షెడ్డాయన ఒకడున్నాడని, పాత బండ్లను విప్పి సామాన్లకు తీసుకుంటాడని, ఉన్నది ఉన్నట్టు చెప్పి అతనికిచ్చెయ్యమని దారి కూడా చెప్పింది. తిరుగుదారిలో నేను మొదటి గేరులోనే వాళ్లింటి దాకా నడిపాను. అత్త చెయ్యి మొత్తం దారీ హ్యాండ్ బ్రేకు మీదే ఉంది. ఇంటి ముందు దిగాక ఆయన కాఫీ తాగి వెళ్లమన్నాడు. నేను మొహం తిప్పుకున్నాను. అత్త లోపలికి వెళ్లి, కూర్చుని, తాగి, కాఫీ బాగుందని వాళ్లావిడతో చెప్పి మరీ వచ్చింది.

ఇంటికొచ్చే దారంతా స్కూటరు హారన్ను అవసరం లేని చోటా మోగిస్తూ వచ్చాను. కోపం ఎవరి మీదో నాకే తెలియదు. ఆ రంగు కళ్ల ముందు నుంచి పోవడం లేదు, అది ఒకటి. ఇంట్లో ఏం చెప్పాలి, అది రెండోది. గుమ్మంలోనే అమ్మ, నాయన, నడుం మీద చెయ్యి పెట్టుకుని అక్క, ముగ్గురూ నిలబడి ఉన్నారు. ఏమైందని అడిగారు. అత్త చెప్పులు విడుస్తూ, బండి నీళ్లల్లో మునిగిందట, వీడే కనిపెట్టినాడు, వీడి కన్ను మంచిది అని చెప్పి, మంచినీళ్లకని వంటింట్లోకి పోయింది. నాయన నా భుజం తట్టాడు. అక్క కళ్లనిండా గర్వంతో చూసింది. కాదు, కనిపెట్టింది అత్త అని చెప్పడానికి నాకు కావలసినంత సమయం ఉంది. నేను ఆ సమయాన్ని, చొక్కా జేబులోంచి జిడ్డు రుమాలు తీసి, పొగగొట్టం దగ్గర ఎలా పట్టుకోవాలో నాయనకు వివరించడానికి వాడుకున్నాను.

మర్నాడు ఆమెను బస్సెక్కించడానికి వెళ్లాను. బాహూరు బస్సు ఇంకా రాలేదు. స్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చుని, ఉండబట్టలేక అడిగాను, ఇదంతా నీకెవరు నేర్పారత్తా అని. ఆమె తన మొదటి ట్రాక్టరు సంగతి చెప్పింది. మామ పోయిన ఏడు, నాట్ల ముందు, ఒంటరిగా వెళ్లి పాతది కొన్నదట. కొత్త రంగు వేసి, ఇంజను వేడిచేసి పెట్టి, ఎంతో మర్యాదగా అమ్మారట. మూడోనాడు మడి మధ్యలో ఆగిపోయి మళ్లీ లేవలేదట. ఆడమనిషి ట్రాక్టరు కొనడమేమిటని ఊరంతా గట్టు మీద నిలబడి చూసిందట. ఆమె దాన్ని కొట్టంలోకి తోయించి, ఒక మెకానిక్కును పెట్టి ప్రతి నట్టూ విప్పించి, పక్కన కూర్చుని నెలరోజులు ఏది ఎందుకు పాడవుతుందో అడిగి తెలుసుకుందట. నాట్లు మాత్రం ఆ ఏడు ఆలస్యమయ్యాయట.

“నాయన రాలేదా నీతో చూడ్డానికి?” అని అడిగాను.

“మీ నాయనకి ఆ పొద్దు సెలవు దొరకలా. తప్పేం లేదు, వాడి ఉద్యోగం అట్లాంటిది. ఆ దినం నా పక్కన ఎవురూ లేరబ్బోడా. అందుకే నువ్వు వద్దన్నా నీతో వచ్చినా,” అంది.

బస్సు వచ్చింది. ఆమె సంచి అందించాను. కారు దగ్గర కాఫీసారుతో నేను గుసగుసలాడిన మాట గుర్తొచ్చి, క్షమించమని చెబుదామని కిటికీ దగ్గరికి వెళ్లాను. ఆమె నా కాలరు సరిచేసి, రంగు చూసి కొనొద్దు, రంగు మనం వేయించుకోవచ్చు అంది. బస్సు కదిలింది. చెప్పవలసింది నా నోట్లోనే ఉండిపోయింది.

నెల తిరక్కుండానే ఒక సాయంత్రం కాఫీసారు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆ కారును మేట్టుపాళయం షెడ్డుకే, ఉన్నది ఉన్నట్టు చెప్పి ఇచ్చేశాడట. ఇప్పుడు ఇంకోటి చూస్తున్నాడట. పెద్దమ్మగారు ఊళ్లోకి వచ్చినప్పుడు ఒక్కసారి వచ్చి చూస్తారా అని, చేతులు కట్టుకుని, నన్నే అడిగాడు. కబురు పెడితే అత్త వచ్చింది. ఆయన కోసం ఒక కారు, మా కోసం ఒక కారు, రెండూ ఒకే పొద్దున చూసింది. అప్పటికి మా వీధిలో వార్త పాకి, పక్కింటివాళ్లు కూడా తాము కొనబోయే స్కూటరును తెచ్చి మా గేటు ముందు నిలబెట్టారు. ఆమె దాని మీదా అరచెయ్యి పెట్టి చూసి, రేపు పొద్దున తెండి, ఇప్పుడు వేడిగా ఉంది అని తిప్పి పంపింది.

మా కోసం ఆమె ఖాయం చేసిన కారు బూడిద రంగుది. అంతకన్నా నిస్సారమైన రంగును నేను అంతకు ముందూ ఆ తర్వాతా చూడలేదు. ఒక్క తిప్పుకే లేచింది. చేతులు వదిలితే తిన్నగా పోయింది. తొక్కిన చోట ఆగింది. అక్కను నొప్పులొచ్చిన మధ్యాహ్నం అందులోనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. కూడలిలో మా పాండిచ్చేరి ఎర్రటోపీ పోలీసు అక్క మొహం చూసి, అన్ని వైపులా బండ్లు ఆపి మాకు దారి ఇచ్చాడు. వెనక సీట్లో అక్క తల ఒడిలో పెట్టుకుని కూర్చున్న అత్త దారి పొడవునా ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. ఆసుపత్రి గుమ్మం ముందు ఆపాక మాత్రం, బాగా తోలినావు అంది. అప్పటి నుంచి ఇప్పటిదాకా నా డ్రైవింగు గురించి ఎవరన్న మాటా నా లోపలికి అంత దూరం వెళ్లలేదు. సాయంత్రానికి మేనకోడలు పుట్టింది.

ఆ బూడిదరంగు కారు ఇంటికొచ్చిన రోజు నాయన తీసిన ఫొటో ఒకటి మా హాల్లో ఉంది. అందులో నేను ఇస్త్రీ చొక్కాతో, నల్ల కళ్లద్దాలతో, ఒక చెయ్యి కారు పైన ఆనించి, మరో చెయ్యి నడుం మీద పెట్టి, లోకంలోని కార్లన్నీ పరీక్షించి దీన్నొక్కదాన్నే దయతలచి ఎంచుకున్నవాడిలా నిలబడి ఉంటాను. మొన్న మా మేనకోడలు, ఇప్పుడు కాలేజీ పిల్ల, ఫొటోను దగ్గరగా చూసి, వెనక చక్రం పక్కన ఈ కాళ్లెవరివి మామా అని అడిగింది. అవును, ఉన్నాయి. కారు కిందినుంచి బయటికి చాచి ఉన్న రెండు పాదాలు, పగిలిన మడమలు, పక్కన విడిచిన రబ్బరు చెప్పులు. నాయన అందర్నీ నిలబడమన్నప్పుడు ఆమె రానంది, కింద ఎక్కడైనా నూనె కారుతోందేమో ఇంకోసారి చూడాలంది. మేము ఆగలేదు, ఫొటో తీసేసుకున్నాం. ఇరవై ఏళ్లుగా ఆ ఫొటోలో నన్ను నేను చూసుకుంటూనే ఉన్నాను, కళ్లద్దాలు బాగున్నాయనే అనుకుంటూ ఉన్నాను. మేనకోడలికి ఆ కాళ్ల కథ మొదటి నుంచి, రుమాలు నాది, చెయ్యి ఆమెదని కూడా ఒప్పుకుంటూ, మొత్తం చెప్పాను. అంతా విని ఆ పిల్ల ఫొటోలోని నా మొహం మీద వేలుపెట్టి, మరి ఇతను ఏం చేశాడు అని అడిగింది. నిలబడ్డాడు అని చెప్పాను.